రిఫైనరీ టెక్నాలజీ గురించి ట్రేడ్ మ్యాగజైన్లు రాసేది ఎంతవరకు నమ్మొచ్చు?

మహేంద్రతనయ
ఎంటెక్ సెమినార్ రిపోర్టు రాస్తున్నాను. క్రూడ్ అడుగున మిగిలే రెసిడ్యూని డీజిల్‌గా, గ్యాస్‌గా మార్చడానికి దాన్ని బాగా వేడి చేసి విడగొట్టి, బొగ్గులాంటి కోక్ మిగిల్చే కోకర్ మంచిదా, హైడ్రోజన్, క్యాటలిస్టు కలిపి విడగొట్టే హైడ్రోక్రాకర్ మంచిదా అన్నది విషయం. హైడ్రోక్రాకర్లో నేను తీసుకున్నది ఎబులేటెడ్ బెడ్ రకం, దానితో 80 శాతం రెసిడ్యూ మారుతుందని ఒక పత్రిక వ్యాసంలోంచి రాశాను. సమాచారం ఎక్కువగా ఆయిల్ అండ్ గ్యాస్ జర్నల్, హైడ్రోకార్బన్ ప్రాసెసింగ్, పీటీక్యూ (పెట్రోలియం టెక్నాలజీ క్వార్టర్లీ), ఈ మూడింట్లోంచే తీసుకున్నాను. నిన్న మా గైడ్ రిఫరెన్సుల పేజీ అంతా ఎర్ర పెన్నుతో కొట్టేశారు. "ఇవన్నీ ట్రేడ్ మ్యాగజైన్లు. సరుకు అమ్ముకునేవాళ్ళు డబ్బా కొట్టుకునే చోటు. జర్నల్ పేపర్లు పెట్టు, లేదంటే ఆ పేరాలు తీసెయ్" అన్నారు.

జర్నల్ పేపర్లు చదవకుండా ఈ మాట అనడం లేదు. వాటిలో ఉండేది అరచేతిలో పట్టేంత రియాక్టరు, గ్రాముల్లో క్యాటలిస్టు. అసలు ప్లాంటులో ఏమవుతుందో అక్కడ దొరకడం లేదు. మా పర్లాకిమిడికి ఒక పక్క పారాదీప్‌లో కోకర్ నడుస్తోంది, ఇంకో పక్క విశాఖలో హైడ్రోక్రాకర్ పెట్టారు. రెండూ మన తీరంలోనే, కానీ లోపలికి వెళ్ళి అడిగే దారి నాకు లేదు. ఈ పత్రికలు నిజంగానే పనికిరావా? పనికొస్తాయంటే సార్‌కి ఏమని చెప్పాలి?

కోకర్_బాబాయ్
మీ సార్ మాటలో సగం నిజం ఉంది తల్లీ. మిగతా సగం గురించి డ్యూటీ దిగాక తీరిగ్గా రాస్తాను. ఈలోగా ఆ పేరాలు మాత్రం తీసెయ్యకు.

గునుపురం_బంక్
ఎవరెంత చదివినా మా బంకులో లీటరు మీద పైసా తగ్గదు కదా :)

బరంపురం_లైబ్రరీ
అన్నిటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. ఆయిల్ అండ్ గ్యాస్ జర్నల్ 1902 నుంచి వస్తోంది. అందులో వార్తలతో పాటు వాళ్ళ సొంత సర్వేలుంటాయి, ప్రపంచంలోని రిఫైనరీల సామర్థ్యం మీద ఏటా వేసేది బాగా వాడుకలో ఉంది. హైడ్రోకార్బన్ ప్రాసెసింగ్ 1922లో మొదలైన మాసపత్రిక. పీటీక్యూ మూడు నెలలకొకసారి వస్తుంది, అందులో రాసేవాళ్ళు ఎక్కువమంది టెక్నాలజీ హక్కులు అమ్మే లైసెన్సర్లు, క్యాటలిస్టు కంపెనీలు, ఇంజినీరింగ్ సంస్థల మనుషులు. మూడింటి తీరూ వేరు. ఒకే సంచికలో కూడా వార్త, సర్వే, సాంకేతిక వ్యాసం, డబ్బిచ్చి వేయించుకున్న వ్యాసం నాలుగూ కలిసే ఉంటాయి.

మీ సార్‌ని ఒక్క మాట అడగండి. రిఫైనరీ ఎంత సంక్లిష్టమైందో చెప్పడానికి అందరూ వాడే నెల్సన్ ఇండెక్స్ మొదట ఎక్కడ అచ్చయింది? 1960ల మొదట్లో విల్బర్ నెల్సన్ దాన్ని ఆయిల్ అండ్ గ్యాస్ జర్నల్లోనే వేశారు. క్రూడ్ డిస్టిలేషన్‌ని 1 అనుకుని, మిగతా యూనిట్లకి దానితో పోల్చి మార్కులు వేసే లెక్క అది. పారాదీప్‌కి 12.2 అని మనవాళ్ళు గర్వంగా చెప్పుకునేది ఆ లెక్క ప్రకారమే. 1946ని 100గా పెట్టుకున్న నెల్సన్-ఫారర్ నిర్మాణ వ్యయ సూచీ కూడా ఆ పత్రికదే. పత్రికే మూలమైనప్పుడు దాన్ని కొట్టేసి ఇంకేం పెట్టమంటారు?

జైపూర్_జ్యోతి
లైబ్రరీ గారూ, సూచీ అక్కడ పుట్టినంత మాత్రాన ఆ పత్రికలో అచ్చయిందల్లా సాక్ష్యమైపోదు. నేను కూడా పిల్లలకి గైడ్‌గా ఉంటాను. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చి "ఈ 80 శాతం మార్పిడిని ఎవరు కొలిచారు?" అంటే పిల్ల ఏం చెప్పాలి? "లైసెన్సర్ గారు చెప్పారండి" అనాలా? జర్నల్ పేపర్లో అయితే ప్రయోగం ఎలా చేశారో రాస్తారు, ఇంకో ఇద్దరు ముగ్గురు పరీక్షిస్తారు, ఇంకొకరు చేసి చూసుకోవచ్చు. పత్రిక వ్యాసంలో గ్రాఫు ఉంటుంది, నిలువు గీత మీద అంకెలుండవు. గైడ్ గారు కటువుగా చెప్పి ఉండొచ్చు, కారణం మాత్రం గట్టిదే.

మహేంద్రతనయ
అంకెల్లేని గ్రాఫు నా రిపోర్టులోనూ ఒకటి ఉంది మేడమ్. దాన్ని వదిలేస్తాను. కానీ ప్లాంటు సమాచారానికి ఇంకెక్కడికి వెళ్ళాలో ఎవరూ చెప్పడం లేదు.

కోకర్_బాబాయ్
ఇప్పుడు చెబుతా. బరంపురంలో చదువుకుని, తూర్పు తీరంలోనే ఒక రిఫైనరీలో కోకర్ యూనిట్లో పని చేస్తున్నాను. మా కంట్రోల్ రూమ్‌లో ఈ పత్రికలు ఎప్పుడూ ఉంటాయి. మేం చదవడం మొదలుపెట్టేది వెనక నుంచి. వ్యాసం చివర చిన్న అక్షరాల్లో రాసినాయన ఉద్యోగం ఉంటుంది. "ఫలానా కంపెనీలో టెక్నాలజీ మేనేజర్" అని ఉంటే ఆయన అమ్మేవాడు. "ఫలానా రిఫైనరీలో ప్రాసెస్ ఇంజినీరు" అని ఉంటే కొన్నవాడు. ఇద్దరూ కలిసి రాస్తే ఇంకా జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే కొన్నవాడు కూడా తన పెట్టుబడి తప్పు కాదని చెప్పుకోవాలిగా.

తర్వాత ఫీడ్, అంటే యూనిట్లోకి పోసే సరుకు చూడు. ఏపీఐ గ్రావిటీ (నూనె ఎంత తేలికో చెప్పే అంకె), సల్ఫర్, కాన్‌రాడ్‌సన్ కార్బన్ (వేడి చేస్తే మిగిలే బొగ్గు శాతం), నికెల్, వెనేడియం. ఈ అంకెలు లేకుండా దిగుబడి మాత్రం ఇచ్చారంటే ఆ టేబుల్ దేనితోనూ పోల్చడానికి రాదు. కోకర్‌కి చేతిలో ఒక మోటు లెక్క ఉంది. ఫీడ్‌లో కాన్‌రాడ్‌సన్ కార్బన్ శాతాన్ని 1.6తో గుణిస్తే కోక్ ఎంత వస్తుందో దాదాపు తెలుస్తుంది. 20 శాతం ఉంటే కోక్ 32 శాతం దగ్గర ఉండాలి. వ్యాసంలో 22 అని వేస్తే అబద్ధమని కాదు. కోక్ పేరుకునే డ్రమ్ములో ప్రెషరు తగ్గించారా, రీసైకిల్ (మళ్ళీ లోపలికి పంపే సరుకు) తగ్గించారా, ఫీడ్‌లో తేలిక సరుకు కలిపారా అని అడగాలి. జవాబు వ్యాసంలో ఉంటే అది మంచి వ్యాసం.

మూడోది, బరువు శాతమా, ఘనపరిమాణం శాతమా? హైడ్రోక్రాకర్లో హైడ్రోజన్ చేరి సరుకు తేలికవుతుంది, అందుకని ఘనపరిమాణం లెక్కలో దిగుబడి 100 దాటుతుంది. కోకర్‌ని బరువులో, హైడ్రోక్రాకర్‌ని ఘనపరిమాణంలో పక్కపక్కన పెట్టిన టేబుళ్ళు నేను చూశాను. చదివేవాడు రెండోదే బంగారం అనుకుంటాడు.

జైపూర్_జ్యోతి
ఈ మాట బాగుంది. ఇది మా పిల్లలకి కూడా చెబుతాను. స్టార్ట్ ఆఫ్ రన్ సంగతి మరిచిపోయారు. క్యాటలిస్టు కొత్తగా ఉన్నప్పటి దిగుబడి చెప్పి ఊరుకుంటారు, అది ముసలిదయ్యాక ఉష్ణోగ్రత పెంచాల్సి వస్తుంది, గ్యాస్ పెరుగుతుంది, ఆ సంగతి చెప్పరు.

కోకర్_బాబాయ్
క్యాటలిస్టు కదలకుండా ఉండే ఫిక్స్‌డ్ బెడ్‌కి అది నిజం మేడమ్. అమ్మాయి రాస్తున్న ఎబులేటెడ్ బెడ్‌కి అంతగా వర్తించదు. అందులో యూనిట్ నడుస్తుండగానే రోజూ కొంత పాత క్యాటలిస్టు తీసి కొత్తది వేస్తారు కాబట్టి దాని శక్తి ఇంచుమించు ఒకే తీరున ఉంటుంది. అక్కడ అడగాల్సినవి వేరే. టన్ను ఫీడ్‌కి క్యాటలిస్టు ఎంత వేస్తున్నారు? మారకుండా మిగిలిన నూనెలో సెడిమెంట్, అంటే మడ్డి, ఎంత? ఆ మిగిలినది ఎక్కడికి పోతోంది? మార్పిడి పెంచేకొద్దీ నూనెలోని బరువైన ఆస్ఫాల్టీన్లు విడిపోయి, వెనకున్న హీట్ ఎక్స్‌ఛేంజర్లలో, వాక్యూమ్ కాలమ్ అడుగున పేరుకుంటాయి. గొప్ప మార్పిడి అంకె వేసి సెడిమెంట్ గురించి ఒక్క వాక్యం కూడా లేని వ్యాసాన్ని మా వాళ్ళెవరూ పట్టించుకోరు. ఇంకొకటి, ఆ 80 శాతం ఏ మరిగే ఉష్ణోగ్రత దగ్గర కోసి లెక్కేశారు? 520 డిగ్రీల పైనున్నదా, 540 పైనున్నదా? కోత మారితే అంకే మారిపోతుంది.

గునుపురం_బంక్
బాబాయ్, ఇన్నాళ్ళూ నేను అమ్ముతున్న డీజిల్ వెనక ఇంత కథ ఉందని తెలియదు. 2020 ఏప్రిల్ నుంచి సల్ఫర్ 10 పీపీఎమ్ అని బోర్డు పెట్టాం, అంతే తెలుసు.

సిరొంచ_శ్రీను
నాది గడ్చిరోలి జిల్లా. ముంబయిలో ఒక కెమికల్ ఇండస్ట్రీ పత్రికల యాడ్స్ సెక్షన్ల కొన్నేండ్లు పని చేసిన. లోపల ఎట్లుంటదో చెప్తా. ఈ పత్రికలు చాలావరకు పాఠకుల చందా మీద నడవవు. రిఫైనరీ ఇంజినీర్లకు, మేనేజర్లకు ఉచితంగనే పంపిస్తరు, మా దగ్గర ఇంతమంది కొనే హోదాలున్నోళ్ళు చదువుతరని చూపించి ప్రకటనలు తెస్తరు. ఏడాది మొదట్లనే క్యాలెండర్ తయారైతది. ఈ నెల హైడ్రోప్రాసెసింగ్, వచ్చే నెల పంపులు, ఆ పై నెల తుప్పు. ఏ నెల ఏ సబ్జెక్ట్ ఉంటే ఆ సరుకు అమ్మే కంపెనీలకు మేం ఫోన్లు చేసేటోళ్ళం. వ్యాసం ఎదురుంగనే అదే కంపెనీ ప్రకటన కనబడేది అందుకే.

కానీ ఒకటి చెప్పాలె. మా ఎడిటర్ వ్యాసాలల్ల బ్రాండ్ పేర్లు కొట్టేసేది, "ప్రపంచంలోనే మొదటిది" అన్న మాట కనబడితే రుజువు అడిగేది. యాడ్ వేస్తమన్నా అచ్చు వేయని వ్యాసాలున్నయి. కొనేటోళ్ళు చదివే పత్రిక కదా, పచ్చి అబద్ధం వేస్తే ప్లాంటోళ్ళు మళ్ళ ముట్టరు. అందుకే అబద్ధం తక్కువ. చెప్పకుండ వదిలేసేదే ఎక్కువ.

జైపూర్_జ్యోతి
వదిలేసింది ఏమిటో విద్యార్థికి ఎలా తెలుస్తుంది శ్రీను గారూ? అదే కదా నా బాధ.

సిరొంచ_శ్రీను
అదే కంపెనీకి పోటీగున్న కంపెనీ రాసింది చదివితే తెలుస్తది మేడమ్. ఒకరు దాచింది ఇంకొకరు మొదటి పేరాలనే చెప్తరు.

చంద్రపూర్_పిల్లగాడు
వార్తలు కూడా నమ్మొద్దు. మా మహారాష్ట్రల రత్నగిరి రిఫైనరీ ముచ్చటే చూడుండ్రి. ఏడాదికి 6 కోట్ల టన్నులు, 2018ల సౌదీ ఆరాంకో, తర్వాత అబుధాబి కంపెనీ ఆడ్‌నాక్ సంతకాలు. పత్రికల ప్రాజెక్టుల పట్టికలల్ల అది దేశంలనే పెద్ద రిఫైనరీ లెక్క కూసున్నది. జనం వద్దన్నరు, జాగ మార్చి నాణార్ నుంచి బార్సు అన్నరు. ఇప్పటికీ అక్కడ రిఫైనరీ లేదు.

బరంపురం_లైబ్రరీ
పిల్లగాడు గారూ, సంతకం పెట్టారన్న వార్త అబద్ధం కాదు కదా. ఒప్పందం జరిగిందనడానికి ఆ వార్త మంచి ఆధారం. రిఫైనరీ ఉందనడానికి ఆధారం కాదు. పట్టికలో ప్రతి ప్రాజెక్టుకీ అది ఏ దశలో ఉందో రాస్తారు. ప్రతిపాదన, ఇంజినీరింగ్, నిర్మాణం, పూర్తి. ఆ గడి చూడకుండా సామర్థ్యాలు కూడుకుంటే లేని రిఫైనరీలు లెక్కలోకి వస్తాయి. పారాదీప్‌కి 2000లో వాజ్‌పేయి శంకుస్థాపన చేస్తే, జాతికి అంకితం చేసింది 2016 ఫిబ్రవరిలో. మధ్యలో ఏ ఏడాది పత్రిక తీసినా "త్వరలో" అనే ఉంటుంది.

ఛత్రపురం_ఇన్‌స్పెక్షన్
రిటైరయ్యాను, మెటీరియల్స్ ఇన్‌స్పెక్షన్‌లో పని చేశాను. నెల్సన్ పేరు వచ్చింది కాబట్టి అమ్మాయికి ఒక హెచ్చరిక. రిఫైనరీ సాహిత్యంలో నెల్సన్లు ఇద్దరున్నారు. కాంప్లెక్సిటీ ఇండెక్స్ విల్బర్ నెల్సన్‌ది. వేడి హైడ్రోజన్ ఉక్కుని లోపల్నుంచి ఎప్పుడు తినేస్తుందో చెప్పే నెల్సన్ కర్వులు జార్జ్ నెల్సన్‌వి. రిపోర్టులో కలిపేయకు.

ఆ కర్వుల కథ మీ వాదనకి చాలా అవసరం. అవి అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ ఏపీఐ 941 అనే స్టాండర్డులో ఉన్నాయి. పత్రిక కాదు, జర్నల్ కాదు, పరిశ్రమ అంతా తలొంచే పత్రం. 2010 ఏప్రిల్ 2న అమెరికాలో అనకోర్టెస్ అనే ఊళ్ళో నాఫ్తా హైడ్రోట్రీటర్ ఎక్స్‌ఛేంజర్ పగిలి 7గురు పోయారు. అక్కడి కెమికల్ సేఫ్టీ బోర్డు విచారించి, కార్బన్ స్టీల్ కర్వు ప్రకారం భద్రం అనుకున్న పరిస్థితుల్లోనే ఆ ఉక్కు దెబ్బతిందని చెప్పింది. 2016 ముద్రణలో, వెల్డింగ్ తర్వాత హీట్ ట్రీట్‌మెంట్ చెయ్యని కార్బన్ స్టీల్‌కి ఇంకా కిందగా కొత్త కర్వు చేర్చారు. మరి అంతకుముందు ఆ కర్వు ఎలా గీశారు? కంపెనీలు పంపిన అనుభవాల చుక్కలు పెట్టి. ఎవరి ఎక్స్‌ఛేంజరు ఎన్ని డిగ్రీల్లో పాడైందో వాళ్ళు చెబితేనే చుక్క పడుతుంది. చెప్పకపోతే లేదు.

అందుకని స్టాండర్డు అయినా ఏ ఏడాదిదో చూడాలి, ఎవరి అనుభవం నుంచి వచ్చిందో చూడాలి. పత్రికకి ఒక కొలత, మిగతావాటికి ఇంకో కొలత పెట్టకూడదు. ప్రమాద నివేదికలు మాత్రం ఎప్పుడూ చదువమ్మా. అందులో ఉష్ణోగ్రత, ప్రెషరు, లోహం మందం, ఎవరెప్పుడు చూశారు, ఎవరు చూడలేదు, అన్నీ ఉంటాయి. ఏ అమ్మకందారూ అవి నీకు చెప్పడు.

మహేంద్రతనయ
తాతగారూ, రెండు నెల్సన్లూ ఒకరే అనుకునేవాళ్ళు మా క్లాసులో చాలామందే ఉన్నారు. అందరికీ చెబుతాను.

కోకర్_బాబాయ్
పెద్దాయన చెప్పింది చూశాక ఇంకో దారి చెబుతాను. అమెరికాలో ఏఎఫ్‌పీఎమ్ అనే రిఫైనరీల సంఘం ఏటా ప్రశ్నలు జవాబుల సభ పెడుతుంది, ముందు దాని పేరు ఎన్‌పీఆర్‌ఏ. ఒకే ప్రశ్నకి రిఫైనరీవాడు, క్యాటలిస్టువాడు, లైసెన్సర్ వరసగా పేరు పెట్టి జవాబు చెబుతారు, ఆ పాఠం అచ్చవుతుంది. అమ్మినవాడు అన్నదానికి వాడుతున్నవాడు అడ్డు చెప్పడం ఒకే పేజీలో కనిపిస్తుంది. మన దేశంలో సెంటర్ ఫర్ హై టెక్నాలజీ వాళ్ళు రిఫైనరీలతో కలిసి పెట్టే టెక్నాలజీ మీట్ పేపర్లు కూడా చూడు. ప్లాంటులో పనిచేసే కుర్రాళ్ళే రాస్తారు, ఆ యూనిట్ కష్టాలు వాళ్ళకి తెలుసు.

జైపూర్_జ్యోతి
ఇవి నేనూ ఒప్పుకుంటాను. ఇంకొకటి నేను కలుపుతాను. మన రిఫైనరీలు విస్తరణకి పర్యావరణ అనుమతి అడిగినప్పుడు పెట్టే ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నివేదికల్లో యూనిట్ల సామర్థ్యం, మెటీరియల్ బ్యాలెన్స్ ఉంటాయి. కేంద్రం పరివేష్ వెబ్‌సైట్లో దొరుకుతాయి. అవి డిజైన్ అంకెలు, నడిచిన అంకెలు కావు. నెలనెలా ఎంత క్రూడ్ నడిపారో పెట్రోలియం శాఖ లెక్కల్లో రిఫైనరీవారీగా వస్తుంది. విశాఖ హైడ్రోక్రాకర్ సామర్థ్యం ఏడాదికి 35.5 లక్షల టన్నులని పత్రిక చెబితే, దాన్ని వీటితో సరిచూసుకున్నాక రాస్తే ఏ ఎక్స్‌టర్నలూ నోరెత్తడు.

సామర్థ్యం దగ్గర పిల్లలు ఎక్కువగా తప్పటడుగు వేస్తారు. పత్రికలో రోజుకి బ్యారెళ్ళు, మన దగ్గర ఏడాదికి టన్నులు. 1.5 కోట్ల టన్నులంటే రోజుకి సుమారు 3 లక్షల బ్యారెళ్ళు. కానీ బరువైన క్రూడ్‌కి టన్నుకి బ్యారెళ్ళు తగ్గుతాయి. ఆపైన స్ట్రీమ్ డే, క్యాలెండర్ డే తేడా ఒకటి. మొదటిది యూనిట్ ఆగకుండా నడిచిన రోజు లెక్క, రెండోది షట్‌డౌన్లు కూడా పోను ఏడాది సగటు. అమెరికా ఇంధన సమాచార శాఖ రెండూ విడివిడిగా ఇస్తుంది.

చంద్రపూర్_పిల్లగాడు
మేడమ్ మెల్లగ పత్రికల పార్టీలకు వస్తున్నరు!

జైపూర్_జ్యోతి
ఎక్కడికీ రావడం లేదు బాబూ. ఒక్క పత్రిక వ్యాసం మీద కట్టిన నిర్ణయం నాకు వద్దు అన్నాను, ఇప్పుడూ అదే అంటున్నాను. "రిఫైనరీ ఏ" అని పేరు దాచి రాసిన కేస్ స్టడీని నేను ఇప్పటికీ ఒప్పుకోను.

కోకర్_బాబాయ్
పేరు దాచడం వెనక ఎప్పుడూ మోసం ఉండదు మేడమ్. మా అంకెలు బయట పెట్టడానికి మేనేజ్‌మెంట్ ఒప్పుకోదు, పేరు తీసేస్తేనే అనుమతి వస్తుంది. కొన్ని మంచి అనుభవాలు అలాగే బయటికి వచ్చాయి.

జైపూర్_జ్యోతి
ఉండొచ్చు. సరిచూసుకునే వీలు లేదు కాబట్టి దాన్ని "ఇలా జరగొచ్చు" అనడానికి వాడుకోవాలి, "ఇంత వస్తుంది" అనడానికి కాదు.

బరంపురం_లైబ్రరీ
ఆ తేడా రిపోర్టు వాక్యంలోనే కనపడాలి. "మార్పిడి 80 శాతం" అని ఊరికే రాయకండి. "లైసెన్సర్ చెప్పిన ప్రకారం" అని రాసి, రాసినాయన కంపెనీ పేరు వాక్యంలోనే పెట్టండి. పత్రిక పేరు, సంచిక నెల, పేజీ ఇవ్వండి. ఆ వ్యాసాన్నే కంపెనీ తన సైట్లో శీర్షిక మార్చి పెట్టుకుంటుంది, దాన్ని ఇంకో ఆధారంగా లెక్కేయొద్దు. ఒకే నోటి మాట రెండు చోట్ల విన్నట్టవుతుంది. మూడు పత్రికల్లో ఒకే వార్త వచ్చినా మూలం ఒకే ప్రెస్ నోట్ అయి ఉండొచ్చు. వాక్యాలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

మహేంద్రతనయ
సార్‌కి ఈ తీరులో మార్చి ఒక పేజీ చూపించాను. పూర్తిగా చదివారు. "ఇలా అయితే పత్రికలు ఉంచు, ప్రతి అంకె పక్కన ఎవరు చెప్పారో ఉండాలి" అన్నారు. ఒక పేరా ఇక్కడ పెడుతున్నాను, తప్పుంటే చెప్పండి.

"ఎబులేటెడ్ బెడ్ హైడ్రోక్రాకర్‌తో 80 శాతం వరకు మార్పిడి వస్తుందని లైసెన్సర్ ఇంజినీర్లు పత్రికలో రాశారు. సెడిమెంట్ అంకె ఆ వ్యాసంలో లేదు. పోటీ కంపెనీ వ్యాసం ఆ స్థాయి మార్పిడిలో ఎక్స్‌ఛేంజర్లలో మడ్డి పేరుకోవడాన్ని ప్రధాన సమస్యగా చెప్పింది, ప్రశ్నోత్తరాల సభలో ఒక రిఫైనరీ ఇంజినీరు కూడా అదే చెప్పారు. కోకర్‌లో ఆ సమస్య ఉండదు కానీ ఫీడ్‌లో దాదాపు మూడో వంతు కోక్‌గా మిగులుతుంది."

ఛత్రపురం_ఇన్‌స్పెక్షన్
బాగా రాశావమ్మా. "ఆ సమస్య ఉండదు" అన్న మాట మార్చు. కోకర్ హీటర్ ట్యూబుల్లో కోక్ పట్టేస్తుంది, దాన్ని ఎన్నాళ్ళకొకసారి ఊదించాలో మీ బాబాయ్‌ని అడుగు.

కోకర్_బాబాయ్
అవును, ట్యూబులు పట్టేస్తే యూనిట్ తగ్గించి శుభ్రం చేసుకోవాలి. మూడో వంతు అన్నచోట కాన్‌రాడ్‌సన్ కార్బన్ ఎంతో రాయి. 12 శాతం ఉన్న ఫీడ్‌కి అది అయిదో వంతు దగ్గరే ఉంటుంది. ఇంకా ఒకటి, హైడ్రోక్రాకర్ వైపు హైడ్రోజన్ ఖర్చు నీ పేరాలో లేదు. సహజ వాయువు నుంచి టన్ను హైడ్రోజన్ తీస్తే 9, 10 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అమ్మేవాళ్ళ పోలిక పట్టికల్లో ఎక్కువగా కనిపించని గడి అదే.

మహేంద్రతనయ
హైడ్రోజన్ వాడకం ఒక్క వ్యాసంలో ఉంది, టన్నుకి ఎంతో కాకుండా బ్యారెల్‌కి ఘనపుటడుగుల్లో ఇచ్చారు. టన్ను లెక్కలోకి మార్చి రేపు పెడతాను.

జైపూర్_జ్యోతి
మార్చేటప్పుడు ఆ ఫీడ్ సాంద్రత వ్యాసంలో ఉందో లేదో ముందు చూసుకో. లేకపోతే బ్యారెల్ అంకెనే ఉన్నదున్నట్టు రాసి, సాంద్రత ఇవ్వలేదని పక్కన రాయి.